వాన పడితే డబ్బు వృథాయేనా?

అమెరికాలో స్థిరపడిన మన పిల్లల్లో కొందరు వేసవి సెలవుల్లో అలాస్కా వెళ్ళి వస్తున్నారు. డాలస్ నుంచో షికాగో నుంచో విమానమెక్కి యాంకరేజ్‌లో దిగుతారు. అక్కడి నుంచి కారులో 127 మైళ్ళు దక్షిణంగా వెళితే సూవర్డ్ అనే చిన్న రేవు పట్టణం వస్తుంది. అక్కడ పడవ ఎక్కి, తిమింగలాలనూ సముద్ర పక్షులనూ చూసుకుంటూ, సముద్రంలోకి దిగివచ్చిన హిమానీనదం దాకా వెళ్ళి సాయంత్రానికి తిరిగి వస్తారు. ఆ రాత్రికో మర్నాటికో ఇంటికి ఫోను వస్తుంది. ఏం చూశారని అడిగితే చాలామంది నుంచి ఒకటే జవాబు: "ఏం చూస్తాం అబ్బా, రోజంతా వానే. డబ్బంతా నీళ్ళపాలు."

ఈ జవాబు సరైనది కాదని నా అభిప్రాయం. నిరుడు జూన్‌లో మా అబ్బాయి కుటుంబంతో కలిసి నేనూ, మా ఇంట్లోవారూ అలాంటి పడవే ఎక్కాం. ఎక్కిన దగ్గరి నుంచి దిగేదాకా వానే. కాబట్టి విన్నది కాదు, తడిసి చూసినదే చెబుతున్నాను.

ముందు ఆ నేల సంగతి చూద్దాం. సూవర్డ్ ఉన్నది అలాస్కా అఖాతం ఒడ్డున. సముద్రం మీది నుంచి తేమతో బరువెక్కిన గాలి వచ్చి కీనై పర్వతాలను ఢీకొంటుంది. ముందుకు దారి లేక పైకి ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ చల్లబడుతుంది, చల్లబడ్డాక తన బరువంతా దించుకుంటుంది. కింద రేవులో అది వాన. పైన శిఖరాల మీద ఏడాదిలో ఎక్కువ కాలం అదే మంచు. ఒక ఏటి మంచు కరగకముందే మరో ఏటి మంచు దాని మీద పడుతుంది. ఆ బరువుకు అడుగు మంచులోని గాలి బయటికి పోయి అది గట్టి గడ్డగా మారుతుంది. ఇలా ఏర్పడిన మంచు మైదానం ఒకటి ఆ కొండల నెత్తిన ఉంది. 1923లో అలాస్కా చూడవచ్చిన అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ పేరే దానికి పెట్టారు. దాని నుంచి పుట్టిన హిమానీనదాలతో కలుపుకుంటే విస్తీర్ణం 700 చదరపు మైళ్ళకు పైనే. అలాంటి హిమానీనదాలు దాదాపు 40. కొన్ని నేల మీదే ఆగిపోతాయి. ఐయాలిక్, హోల్‌గేట్ వంటివి నేరుగా సముద్రంలోకి దిగుతాయి. పడవలు తీసుకెళ్ళేది వాటి దగ్గరికే. 1980 నుంచి ఈ ప్రాంతమంతా కీనై ఫియార్డ్స్ జాతీయ వనం.

అంటే మనవాళ్ళు అంత దూరం వెళ్ళి చూడదలచినది ఏనాడో ఆ కొండల మీద పడ్డ మంచును. తిట్టుకుంటున్నది ఈ రోజు పడుతున్న వానను. రెండూ ఒకే మబ్బు బిడ్డలు. ఈ వాన లేకపోతే ఆ మంచూ లేదు, సూవర్డ్‌లో పడవల వ్యాపారమూ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. గట్టిపడిన పాత మంచు వెలుగులోని ఎరుపును తనలో ఇముడ్చుకుని నీలాన్ని వదిలిపెడుతుంది. అందుకే హిమానీనదం పగుళ్ళలో, లోపలి గోడల్లో నీలం రంగు కనిపిస్తుంది. ఎండ తీక్షణంగా ఉంటే పైన అంతా తెల్లగా మెరిసి ఆ నీలం సరిగ్గా కంటికి ఆనదు. మబ్బు పట్టిన రోజున బాగా తేలుతుంది. మేము చూసిన నీలాన్ని దేనితో పోల్చాలో నాకు తెలియలేదు. మా ఇంట్లోవారు మాత్రం "బట్టలకు పెట్టే నీలిమందు" అని తేల్చేశారు. అంతకంటే దగ్గరి పోలిక నాకూ తట్టలేదు.

ఇక దీన్ విషయం. సూరా బఖరాలోని 164వ ఆయత్ చదువరులకు కొత్తది కాదు. ఆకాశాల సృష్టి, భూమి సృష్టి, రేయింబవళ్ళ రాకపోకలు ప్రస్తావించిన తరువాత, జనానికి పనికివచ్చే వాటిని మోసుకుని సముద్రంలో నడిచే ఓడను అది గుర్తు చేస్తుంది. తరువాత ఆకాశం నుంచి కురిసి చచ్చిన నేలను బతికించే నీటిని, ఆ నేల మీద వెదజల్లిన సకల జీవులను, దిక్కులు మార్చుకునే గాలులను, నింగికీ నేలకూ నడుమ అదుపులో ఉండే మబ్బులను చెబుతుంది. ఆలోచించేవారికి ఇవన్నీ నిదర్శనాలని ముగిస్తుంది. ఓడ, వాన, జీవరాశి, గాలి, మబ్బు: అన్నీ ఒకే ఆయత్‌లో! ఆ రోజు పడవ మీద నిలబడి చూస్తే ఈ వరుసలో ఏ ఒక్కటీ బాకీ లేదు. ఎండ కాసిన రోజైతే రెండు తగ్గేవి.

'ఆయత్' అనే మాటకు అసలు అర్థం గుర్తు, సూచన. ఖుర్ఆన్ వాక్యాన్ని ఆయత్ అంటాం. వాననూ మబ్బునూ ఆ ఖుర్ఆనే ఆయత్‌లంటుంది. మొదటి రకం ఆయత్ వినిపిస్తే నిశ్శబ్దంగా కూర్చునే మనం రెండో రకం ఆయత్ ఎదురైతే మొహం చిట్లిస్తున్నాం. వాన వచ్చినప్పుడు దైవప్రవక్త (స) తమ వస్త్రాన్ని కొంచెం తొలగించి ఒంటిని తడవనిచ్చారని, ఆ వాన తన ప్రభువు వద్ద నుంచి అప్పుడే వస్తున్నదని కారణం చెప్పారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. అలాస్కా వాన చల్లనిది, అందులో ఒళ్ళు చూపమని నేను చెప్పను. రెయిన్ కోటు వేసుకోండి, ఉన్ని టోపీ పెట్టుకోండి. అయితే డెక్ మీదికి రండి.

మా పడవలో వాన పెరిగేకొద్దీ జనం లోపలికి పోయారు. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టింది. మన హైదరాబాదు వైపు కుటుంబమే ఒకటి బల్ల చుట్టూ కూర్చుని భోజనాల సంగతి మాట్లాడుకుంటోంది. వారి కుర్రాడు ఫోనులో ఆట ఆడుకుంటున్నాడు. బయట మైకులో కెప్టెన్ గూని తిమింగలం కనిపిస్తోందని చెబుతూనే ఉన్నాడు. హంప్‌బ్యాక్ అనే ఈ తిమింగలాలు చలికాలంలో హవాయి దీవుల వెచ్చటి నీళ్ళలో పిల్లల్ని కని, వేసవిలో మేత కోసం అలాస్కా వస్తాయి. దారి దాదాపు మూడు వేల మైళ్ళు. నీటి మీదికి వచ్చి ఊపిరి వదిలితే తెల్లటి ఆవిరి స్తంభంలా లేస్తుంది. వానలో కూడా అది స్పష్టంగా కనబడింది. చట్టం ప్రకారం పడవ దానికి 100 గజాల లోపుకు పోకూడదు. ఆ దూరం నుంచే దాని ఊపిరి చప్పుడు వినిపించింది.

మా మనవరాలికి ఆరేళ్ళు. "దాదీ, యూనుస్ నబీని మింగింది ఇదేనా?" అని అడిగింది. ఖుర్ఆన్‌లో 'హూత్' అనే మాట ఉంది, పెద్ద చేప అని అర్థం, ఏ జాతిదో చెప్పలేదని నేను మొదలుపెట్టబోయాను. వాళ్ళ దాదీ నాకు అవకాశం ఇవ్వలేదు. "ఇదో, దీని చుట్టమో" అంది. ఆ పిల్ల ఆ తరువాత గంటసేపు రెయిలింగ్ వదల్లేదు. యూనుస్ (అలైహిస్సలాం) చీకట్లో చేసుకున్న దుఆ మక్తబ్‌లో మన పిల్లలందరికీ వల్లె వేయిస్తాం. ఆ చీకటి ఎంతటిదో ఊహించుకునే అవకాశం ఎంతమందికి వస్తుంది?

మిగతా జీవాల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. పఫిన్ అని ఒక పక్షి ఉంది, బొద్దుగా, రంగుల ముక్కుతో ఉంటుంది. గాలిలో రెక్కలు కొట్టుకుంటూ అవస్థపడి ఎగురుతుంది కానీ నీళ్ళలో మునిగితే ఆ రెక్కలతోనే హాయిగా ఈదుతుంది. సూరా అన్ఆమ్‌లో నేల మీద తిరిగే జీవులూ, రెండు రెక్కలతో ఎగిరే పక్షులూ మనలాంటి సముదాయాలేనని ఉన్న చోట (6:38) ఈ పక్షి నాకిప్పుడు గుర్తొస్తుంటుంది. సముద్రపు నీటికుక్క మరొకటి. మన కోరింగ మడ అడవుల్లో ఉండే నీటికుక్కలకు దూరపు బంధువు. వెల్లకిలా తేలుతూ పొట్టనే బల్లగా చేసుకుని తింటుంది. తిమింగలానికి ఉన్నట్టు దానికి కొవ్వు పొర లేదు. చలి నుంచి కాపాడేది దాని బొచ్చే. జంతువులన్నిటిలోకీ దట్టమైన బొచ్చు అది. ఆ బొచ్చే దాని ప్రాణం మీదికి తెచ్చింది. చర్మాల వ్యాపారులు వేటాడి వేటాడి దాదాపు అంతం చేశాక, 1911లో నాలుగు దేశాలు ఒప్పందం చేసుకుని ఆపారు. తేరుకుంటున్న దశలో 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ అనే నూనె ఓడ ప్రిన్స్ విలియం సౌండ్‌లో రాతి దిబ్బను ఢీకొంది. కోటీ పది లక్షల గ్యాలన్ల ముడి నూనె సముద్రం పాలైంది. ఈ కీనై తీరం దాకా కొట్టుకొచ్చింది. నూనె అంటిన బొచ్చు చలిని ఆపలేదు. వేలాది నీటికుక్కలు చనిపోయాయి. మనుషుల చేతులు చేసిన పనుల వల్లే నేల మీదా సముద్రంలోనూ చెడు ప్రబలిందని సూరా రూమ్ (30:41) చెప్పిన మాటకు ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇదంతా విన్నాక కొందరు పెద్దలు అంటారు: "హజ్, ఉమ్రా అయితే సరే. ఈ మంచుకొండలు చూడటం మనకెందుకు? ఇస్రాఫ్ కాదా?" ఈ ప్రశ్న తీసిపారేయదగింది కాదు. పడవ టిక్కెట్టే మనిషికి రెండు వందల డాలర్లు, అంతకు పైన. నలుగురు వెళితే మన డబ్బులో దాదాపు డెబ్బై వేలు. అప్పు చేసి వెళ్ళేవారికి నేను వద్దనే చెబుతాను. హజ్ ఫర్జ్ అయి ఉండి, అది వాయిదా వేసి వెళ్ళేవారికీ వద్దనే చెబుతాను. కానీ వలీమా వేదిక మీద ఒక్క రాత్రి పూల అలంకరణకు దీనికి నాలుగింతలు పోసి, "నలుగురిలో పరువు" అని సమర్థించుకునేవారి నోట ఇస్రాఫ్ మాట రావడం వింతగా ఉంటుంది. ఆ పూలు తెల్లారేసరికి చెత్తకుండీలో ఉంటాయి.

భూమి మీద తిరిగి సృష్టి ఎలా మొదలైందో చూడమన్నది సూరా అన్‌కబూత్ (29:20). అది ఆజ్ఞ రూపంలో ఉంది. మరొకటి కూడా చెప్పాలి. అల్లాహ్ దాసుల్లో ఆయనకు నిజంగా భయపడేది ఉలమాలేనని సూరా ఫాతిర్‌లో (35:28) ఉన్న మాట మన దస్తార్‌బందీ సభల్లో తప్పక వినిపిస్తుంది. ఆలిమ్‌ల గౌరవం చెప్పడానికి దాన్ని ఉదహరిస్తారు. బాగానే ఉంది. కానీ దానికి ముందు ఏముందో చదివేవారు తక్కువ. ఆకాశం నుంచి దిగే నీరు, దానితో మొలిచే రంగురంగుల పండ్లు, కొండల్లో తెల్లని ఎర్రని నల్లని చారలు, మనుషులు, జంతువులు, పశువులు: ఇవన్నీ చెప్పాక, ఆ వెంటనే 'ఉలమా' అనే మాట వస్తుంది. నేనూ మదర్సాలో చదువుకున్నవాణ్ణే, అక్కడి కితాబుల విలువ తెలిసినవాణ్ణే. అయినా ఈ ఆయత్ ఉన్న చోటును బట్టి చూస్తే, వాననూ కొండనూ జంతువునూ పరిశీలించేవాడికి ఇల్మ్‌లో వాటా లేదనడం కుదరదు. హిమానీనదం కొలతలు తీసే శాస్త్రవేత్త ఆ కొండ దగ్గర నిలబడి ఉన్నాడు. మనం కనీసం చూడటానికైనా వెళ్ళవద్దంటే ఎలా?

ఆ కొలతలు ఏం చెబుతున్నాయో కూడా వినాలి. సూవర్డ్ దగ్గరే ఎగ్జిట్ గ్లేసియర్ అని ఉంది. కారులో వెళ్ళి కొంత నడిస్తే దాన్ని చూడవచ్చు. ఆ దారిలో ఏ సంవత్సరంలో మంచు అంచు ఎక్కడ ఉండేదో బోర్డులు పెట్టారు. 1815 నుంచి మొదలవుతాయి. ఒక్కో బోర్డు దాటి నడుస్తూ పోతే మంచు ఇంకా ఇంకా ముందుకు జరిగిపోతూ ఉంటుంది. 2015 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు ఒబామా ఆ దారిన నడిచి చూశారు. 2000 నుంచి 2019 దాకా ప్రపంచంలోని హిమానీనదాలు కోల్పోయిన మంచులో దాదాపు నాలుగో వంతు అలాస్కాదే. ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల సంరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. ఆ మంచు కరిగి కలిసే సముద్రమూ, బందరు, కాకినాడ తీరాలను తాకే సముద్రమూ వేరు కావు. అక్కడికి వెళ్ళే విమానం కాల్చే ఇంధనం కూడా ఆ కరగడంలో ఓ పాలు పంచుకుంటుంది, కాదనను. అందుకే ఏటేటా వెళ్ళమని ఎవరికీ చెప్పను. జీవితంలో ఒక్కసారి వెళ్ళేవాడు, ఆ ఒక్కసారీ లోపల కూర్చుని అద్దం మీది ఆవిరి చూసి రావడం నాకు బాధ.

1867లో రష్యా నుంచి అమెరికా ఈ అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొన్నప్పుడు, ఆ బేరం కుదిర్చిన మంత్రి సూవర్డ్‌ను చాలామంది ఎగతాళి చేశారు. మంచుగడ్డ కొన్నాడని నవ్వారు. ఇప్పుడు ఊరికి ఆయన పేరే ఉంది. డబ్బు వృథా అన్న మాట ఆ నేలకు పుట్టుకతోనే వచ్చిందన్నమాట!

ఇంతకంటే బరువైన విషయం మరొకటుంది. ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి వచ్చిన ఒక పెద్దావిడ, మా బంధువు, నిరుడు మా ఇంటికి వచ్చారు. "అమెరికాలో ఏం చూశారు ఆపా?" అని అడిగాను. "డిష్‌వాషర్ చూశాను భాయ్" అన్నారు నవ్వుతూ. కొడుకూ కోడలూ పిల్లలూ అలాస్కా వెళ్ళారట. అమ్మీకి చలి పడదు, పడవ పడదు, పైగా వాన అని ఆమెను తెలిసినవారింట్లో వదిలి వెళ్ళారట. ఆమె ఫిర్యాదు చేయలేదు. ఆ పిల్లలకు యూనుస్ (అలైహిస్సలాం) కథ చెప్పింది ఆవిడే. తిమింగలాన్ని చూసే వంతు మాత్రం ఆవిడకు రాలేదు.

చలి పడకపోతే దుప్పటి ఉంది. కడుపులో తిప్పుతుందనుకుంటే అఖాతం దాకా పోకుండా రిసరెక్షన్ బే లోపలే తిరిగి వచ్చే చిన్న పడవ ప్రయాణాలున్నాయి. అక్కడ అలలు తక్కువ. ముందు రోజు డాక్టరును అడిగి మాత్ర వేసుకోవచ్చు. తల్లిని అడగకుండానే తల్లికి ఏది పడదో నిర్ణయించే కొడుకుల మీద నాకు కోపం వస్తుంది. కూతుళ్ళ విషయంలోనూ ఇదే. డెక్ మీద గాలి, వాన, జనం అని ఆడపిల్లను లోపల కూర్చోబెట్టి, మగపిల్లవాణ్ణి కెమెరా ఇచ్చి బయటికి పంపే తండ్రిని ఆ పడవలో చూశాను. చూడమన్న ఆజ్ఞ ఇద్దరికీ ఒకటే కదా!

అయితే వానను ప్రేమించడం వేరు, ప్రమాదంతో చెలగాటం వేరు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన లాంచీ కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగి పదుల సంఖ్యలో జనం పోయిన సంగతి మనం మరువలేదు. అలాస్కాలో గాలి ముదిరితే కెప్టెన్ దారి మార్చుకుంటాడు. ఒక్కోసారి హిమానీనదం దాకా వెళ్ళకుండానే వెనక్కి తిప్పుతాడు. అప్పుడు అతనితో వాదించడం తెలివితక్కువ. ఒంటెను కట్టేసి ఆ తరువాతే అల్లాహ్ మీద భారం వేయమన్న ప్రవక్త (స) ఉపదేశం పడవకూ వర్తిస్తుంది. మా కెప్టెన్ కూడా ఐయాలిక్ ముందు చాలా దూరంలోనే ఆపాడు. మంచు పలకల మీద సీల్ చేపలు పిల్లలతో పడుకుని ఉన్నాయి, వాటిని బెదిరించకూడదు. పైగా ఏ క్షణాన ఏ ముక్క విరిగి పడుతుందో తెలియదు. ఒకటి పడింది కూడా. ముందు పడటం కనిపించింది, చప్పుడు తరువాత వచ్చింది. మెరుపు తరువాత ఉరుము వచ్చినట్టు. అంతసేపూ మాట్లాడుతున్న జనం ఒక్కసారిగా ఆగిపోయారు. మా ఇంట్లోవారు "సుబ్‌హానల్లాహ్" అన్నది నాకు వినిపించేంత నిశ్శబ్దం.

చివరిగా నమాజు విషయం, ఎందుకంటే వెళ్ళకపోవడానికి చాలామంది చెప్పే కారణం ఇదే. జూన్‌లో సూవర్డ్‌లో జుహర్ వేళ మొదలయ్యేదే మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో. హనఫీ లెక్కన అసర్ సాయంత్రం ఎనిమిదికి గానీ రాదు. పొద్దున బయలుదేరిన పడవ ఆరు గంటలకు తిరిగి వచ్చినా ఒడ్డున నింపాదిగా జుహర్ చదువుకోవచ్చు. ముసాఫిర్ కాబట్టి రెండే రకాతులు. ఇషా వేళ మాత్రం చిక్కుదే, ఆ రోజుల్లో అక్కడ సంధ్యవెలుగు పూర్తిగా పోదు. యాంకరేజ్‌లో మసీదు ఉంది, అక్కడివారు దేన్ని పాటిస్తున్నారో అడిగి తెలుసుకోవాలి. పడవలోనే చదువుకోదలచినవారికి కూడా అడ్డేమీ లేదు. నడుస్తున్న పడవలో కూర్చుని చదవడాన్ని ఇమామ్ అబూ హనీఫా (రహ్) అనుమతించారు. ఆయన శిష్యులిద్దరూ మాత్రం ఇబ్బంది ఉంటేనే కూర్చోవాలన్నారు. నిలబడగలిగితే నిలబడటమే మేలు. ఖిబ్లా అక్కడ మనకు ఉన్నట్టు పడమర కాదు, దాదాపు ఉత్తరం, కొద్దిగా పడమరకు వాలి. పడవ తిరిగితే నమాజీ కూడా తిరగాలి. దిక్కు తెలియకపోతే పడవ సిబ్బందిని అడగండి, దిక్సూచి చూసి చెబుతారు. వుజూకు నీళ్ళు ఎలా అని మా అబ్బాయి అడిగాడు. డెక్ మీద నిలబడి ముఖమూ, మోచేతుల దాకా చేతులూ, తలలో నాలుగో వంతూ వానకు పూర్తిగా తడిస్తే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అంతవరకు వుజూ అయినట్టే. కాళ్ళకు బూట్లుంటాయి కనుక వాటికి మాత్రం లోపలికి వెళ్ళాలి.